కెమేరా మెమరీ కార్డు - దోషము చూపినప్పుడు చేయదగిన పని

పంచాయతీ కార్యాలయముల బీరువాలలో, తీర్మానముల పుస్తకముల ప్రక్కన, ఒక చిన్న డిజిటల్ కెమేరా ఉండుట పలుచోట్ల మేము చూచియున్నాము. స్మార్ట్‌ఫోనులు గ్రామములకు విరివిగా రాక పూర్వము కొన్న కెమేరా అది. సిమెంటు రోడ్డు వేయుటకు ముందున్న బురద వీధిని, వేసిన పిదప రోడ్డును, పూడిక తీయక ముందటి చెరువును, గ్రామసభకు కూడిన జనమును ఆ దినములలో దానితోనే చిత్రించిరి. ఉపాధి హామీ పనుల ఛాయాచిత్రములను ఫోనుతో తీసి, స్థలపు గుర్తుతో సహా భువన్ పటమునకు ఎక్కించు పద్ధతి 2016లో ఆరంభమైనది. అంతకు పూర్వపు చిత్రములలో కాగితముపై అచ్చు వేయింపనివి కొన్ని ఇప్పటికిని ఆ కెమేరా కార్డులోనే మిగిలియుండవచ్చును.

వానిలో కొన్ని మరల తీయుటకు వీలులేనివి. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్రా నదులకు వరదలు వచ్చినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల తీర గ్రామములు నీట మునిగినవి. ఏ ఇంటి గోడపై నీరు ఎంత ఎత్తున నిలిచినదో, ఏ వీధి చివరి వరకు వచ్చినదో ఆనాడు ఎవరైన చిత్రము తీసియున్నచో, నేడు పాఠశాలకుగాని నీటి ట్యాంకుకుగాని స్థలము నిర్ణయించునప్పుడు దానికి మించిన సాక్ష్యము వేరొకటి లేదు. గోడల మీది నీటి చారలు సున్నముతో చెరిగిపోయినవి. చిత్రము మాత్రము ఉన్నది. అదియును చెరిగిపోకుండ చూచుట మన చేతిలోని పని.

అట్టి కెమేరాను చాల కాలమునకు బయటకు తీసి మీట నొక్కగనే, తెరపై "కార్డ్ ఎర్రర్" అనియో, "కార్డ్ లాక్డ్" అనియో, "ఈ కార్డు ఫార్మాట్ కాలేదు" అనియో కనబడును. వెంటనే "ఫార్మాట్ చేయుదునా?" అని కెమేరా ప్రశ్నించును. ఫార్మాట్ అనగా కార్డును మొదటినుండి కొత్తదానివలె సిద్ధపరచుట. కెమేరా అడిగినది కదా అని మనవారు "సరే" నొక్కుదురు. దోషము మాయమగును. దానితోపాటు చిత్రములును మాయమగును.

ఈ తప్పు మేమును చేసినవారమే. ఒక గ్రామములో పాఠశాల పైకప్పు మరమ్మతుకు ముందు తీసిన చిత్రములున్న కార్డు దోషము చూపగా, ఎండలో నిలబడి, తొందరలో, "సరే" నొక్కి, ఆ కార్డు మీదనే మరి నలుబది చిత్రములు తీసితిమి. పిమ్మట ఏమి జరిగినదో తరువాత చెప్పుదుము. ఆ చిత్రములు కావలెనని అడిగిన ప్రధానోపాధ్యాయునికి మేము సరియైన జవాబు చెప్పలేకపోతిమి.

కార్డులో ఏమున్నది?

ఈ కార్డులోపల తిరుగునది ఏదియు లేదు. అయస్కాంతమునకు దీనికి సంబంధము లేదు. కావున అయస్కాంతము తగిలి చిత్రములు పోయినవనుట వట్టి మాట. లోపల ఉన్నది ఫ్లాష్ మెమరీ అను సిలికాన్ బిళ్ళ. అందు కోట్లకొలది సూక్ష్మమైన గదులు కలవు. ఒక్కొక్క గదిలో కొంత విద్యుదావేశమును బంధించి ఉంచుటయే వ్రాత. కరెంటు లేకున్నను ఆ ఆవేశము గదిలో నిలిచియుండును. దీనిని జపానులో తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా కనిపెట్టి 1984లో లోకమునకు వెల్లడించెను. ఉన్నదంతయు ఒక్కమారుగ చెరిపివేయు దీని తీరు కెమేరా ఫ్లాష్ మెరుపును తలపించుటచే, ఆయన తోటి ఉద్యోగి ఒకరు దీనికి ఆ పేరు సూచించిరట. కెమేరానుండి పేరు తెచ్చుకొన్న వస్తువు తుదకు కెమేరాలోనే చేరినది.

పాత కెమేరాలలో పలు తెగల కార్డులు కలవు. 1994లో కాంపాక్ట్‌ఫ్లాష్, 1998లో సోనీవారి మెమరీ స్టిక్, 2002లో ఒలింపస్, ఫ్యూజీ సంస్థల ఎక్స్‌డీ కార్డు వచ్చినవి. పానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా సంస్థలు కలిసి 1999లో ప్రకటించిన ఎస్‌డీ కార్డే తుదకు ఎక్కువ వ్యాప్తి చెందినది. మన కార్యాలయములలో కనబడునది చాల మట్టుకు ఇదియే గనుక మేము ముఖ్యముగ దీనిని గురించియే వ్రాయుచున్నాము.

కార్డులో చిత్రములు ఎట్లు నిలిచియుండునో తెలిసికొన్నచో తక్కిన సంగతులన్నియు సులభముగ బోధపడును. కార్డును గ్రామములోని సాగుభూమిగ భావింపుడు. ఒక్కొక్క చిత్రము ఒక్కొక్క పొలము. ఏ పొలము ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో వ్రాసియుంచిన పట్టిక కార్డు మొదటి భాగములో ఉండును. అది అడంగలు వంటిది. తెలంగాణములో పహాణీ అందురు. కెమేరా ముందుగ ఈ అడంగలును చదువును. అది చిరిగియున్నను, చదువుటకు వీలుకాకున్నను, "ఈ ఊరిలో భూమియే లేదు" అనును. భూమి ఎక్కడికిని పోలేదు. పొలములు యథాస్థానమున ఉన్నవి. సామాన్యమైన ఫార్మాట్ అనగా పాత అడంగలును తీసివేసి, ఖాళీ అడంగలు ఒకటి వ్రాసిపెట్టుట. అప్పుడును పొలములు వెంటనే పోవు. కొత్త చిత్రములు తీసిన కొలది, ఖాళీ అనుకొన్న ఆ పొలములను కెమేరా మరల దున్నును. దున్నిన పొలములోని పాత పైరు ఇక దొరకదు.

కనుక దోషము కనబడగనే మొట్టమొదట చేయవలసినది, కెమేరాను ఆపుట. "ఫార్మాట్" అను ప్రశ్నకు "వద్దు" అని చెప్పుట. ఆ కార్డుపై మరియొక చిత్రము తీయకుండుట. కార్డును బయటకు తీసి ఒక కాగితపు కవరులో పెట్టి తేదీ వ్రాయుట. చేతిలో పనియున్నచో వేరొక కార్డు పెట్టి సాగింపవచ్చును. కంప్యూటరులో పెట్టినప్పుడు కంప్యూటరు సహితము "వాడుటకు ముందు దీనిని ఫార్మాట్ చేయవలెను" అని అడుగుట కలదు. దానికిని "వద్దు" అనియే చెప్పవలెను.

తప్పు ఎవరిది?

కార్డు చెడినదని తీర్మానించుటకు ముందు కెమేరాను, కార్డు రీడరును కూడ విచారింపవలెను. పంచాయతీ తగవులోవలె ఇందును ఒక్క పక్షము మాట విని తీర్పు చెప్పరాదు. మంచిదని తెలిసిన మరియొక కార్డును కెమేరాలో పెట్టి చూడుడు. అదియు దోషమే చూపినచో తప్పు కెమేరాది. అది పనిచేసినచో, అనుమానమున్న కార్డును కంప్యూటరులో చూడుడు. అక్కడ చిత్రములు తెరచుకొన్నచో సంతోషము. ముందు వానినన్నిటిని కంప్యూటరునకు ఎక్కించుకొని, ఒకటి రెండు చిత్రములను పూర్తిగ తెరచి చూచి, తరువాత మాత్రమే తక్కిన విచారణ చేయవలెను. ఒక కంప్యూటరులో కనబడనంత మాత్రమున నిరాశ చెందవలదు. పాత కార్డు రీడరులు కొన్ని పెద్ద కార్డులను చదువలేవు. మరియొక రీడరుతో మరల ప్రయత్నింపవలెను.

"లాక్డ్" అని కనబడినచో కారణము చాల చిన్నది. ఎస్‌డీ కార్డు ఎడమ అంచున ఒక చిన్న జారుడు మీట కలదు. దానిని క్రిందికి జరిపినచో కార్డునకు తాళము పడినట్లు. అప్పుడు చిత్రములను చూడవచ్చునుగాని కొత్తవి వ్రాయుటకుగాని, ఉన్నవి చెరుపుటకుగాని వీలు ఉండదు. మీటను పైకి జరుపగనే తాళము తీసినట్లగును. వాడి వాడి మీట వదులైన కార్డులలో, కార్డును లోనికి త్రోయునప్పుడే మీట తనంత తాను జారి తాళము పడుచుండును. మీట పూర్తిగ ఊడిపోయినచో కార్డు ఎల్లప్పుడును తాళము పడినట్లే ఉండును. ఆ నొక్కుపై సన్నని సెల్లోటేపు అంటించి తాత్కాలికముగ పని గడుపువారు కలరు. ఆ టేపు లోపల ఊడి ఇరుకుకొన్నచో కెమేరాయే పాడగును. చిత్రములను చదువుటకు తాళము అడ్డురాదు గనుక, అట్టి కార్డులోనివి కంప్యూటరునకు ఎక్కించుకొని దానికి విశ్రాంతి ఇచ్చుటయే ఉచితము.

ఈ మీట వలన ఒక మేలు కూడ కలదు. చిత్రములను అచ్చు వేయించుటకు పట్టణములోని స్టూడియోకో, నెట్ సెంటరుకో కార్డును పంపునప్పుడు తాళము వేసి పంపవలెను. అనేకుల కార్డులు పెట్టు కంప్యూటరులలో వైరసులు చేరియుండుట కద్దు. అవి చిత్రముల ఫోల్డరును దాచివేసి, దాని స్థానమున అదే పేరుతో ఒక మోసపు గుర్తును ఉంచును. ఇంటికి తెచ్చిన కార్డు ఖాళీగ కనబడి మనవారు గుండెలు బాదుకొనుట ఇందువలననే. ఆ చిత్రములు చాల మట్టుకు పోలేదు, దాగియున్నవి. కంప్యూటరులో దాచిన ఫైళ్ళను చూపు ఏర్పాటు చేసినచో కనబడును.

ధూళి, తేమ, సెల్లులు

కార్డు వెనుక బంగారు వన్నెగల సన్నని పట్టీలు తొమ్మిది కలవు. కెమేరా ఈ తొమ్మిదింటి ద్వారమే కార్డుతో మాట్లాడును. మన గ్రామములలో వేసవి దుమ్ము, కోస్తా గ్రామములలో ఉప్పుగాలి, వానకాలపు తేమ, వీనికి తోడు చేతి చెమట ఈ పట్టీలపై సన్నని పొరగ పేరుకొనును. ఒక్క పట్టీ సరిగ తాకకున్నను "కార్డ్ ఎర్రర్" అని కెమేరా చెప్పును. ఒక్కొక్కప్పుడు కార్డే లేదనును. చాల కాలము బీరువాలో ఉన్న కెమేరాకు మొదట అనుమానింపవలసినది దీనినే.

కెమేరాను ఆపి, కార్డును నాలుగైదు మారులు లోనికి పెట్టి తీయవలెను. ఆ రాపిడికే పొర తొలగుట కలదు. అట్లు కానిచో పొడిగ ఉన్న మెత్తని నూలుగుడ్డతో పట్టీలను పొడవునా మెల్లగ తుడువవలెను. జిడ్డు వదలకున్నచో గుడ్డకు ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్ది తుడిచి, పూర్తిగ ఆరనిచ్చి పెట్టవలెను. నీరు, కిరోసిను, కొబ్బరినూనె పనికిరావు. నోటితో ఊదుట కొందరి అలవాటు; ఊపిరిలోని తేమయే అక్కడ చేరును. గుండుసూదితో కెమేరా లోపల గోకుట అన్నిటికంటె చెడ్డది. కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు వాడు పెద్ద కెమేరాలలో లోపల ఏబది సన్నని సూదులుండును. కార్డును వంకరగ త్రోసినచో ఒక సూది వంగును. అది ఇంటిలో సరిచేయు పని కాదు.

ఫోనులలో వాడు మైక్రో ఎస్‌డీ కార్డును అడాప్టరు తొడుగులో పెట్టి కెమేరాలో వాడువారు, దోషము వచ్చినప్పుడు తొడుగును మార్చి చూడవలెను. తొడుగులు వదులగుట తరచుగ జరుగును.

ఇక సెల్లుల సంగతి. పెన్సిల్ సెల్లులతో పనిచేయు కెమేరాలు మన కార్యాలయములలో చాల ఉన్నవి. అంగడిలో చవకగ దొరకు, గోడ గడియారమునకు వేయు జింకు-కార్బన్ సెల్లులు కెమేరాకు చాలవు. గడియారము చుక్క చుక్కగ త్రాగును. కెమేరా ఒక్క గుక్కలో అడుగును. చిత్రము తీసి, ఫ్లాష్ వెలిగి, కార్డుపై వ్రాయుచుండగ సెల్లు శక్తి పడిపోయి కెమేరా ఆగినచో, అడంగలు సగము వ్రాసి కలము విడిచిన కరణము పనివలె అగును. తరువాత తెరచినప్పుడు "ఎర్రర్" తప్పదు. ఆల్కలైన్ సెల్లులుగాని, మరల చార్జి చేయదగిన నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లులుగాని వేయవలెను. కొన్ని కెమేరాలలో సెల్లుల రకమును మెనూలో తెలుపవలసి యుండును. కెమేరా వెనుక చిన్న దీపము మినుకుచున్నంతసేపు అది వ్రాయుచున్నదని అర్థము. ఆ సమయమున సెల్లుల మూతగాని, కార్డు మూతగాని తెరువరాదు. మేము చూచిన కార్డు దోషములలో చాల భాగము ఈ తొందర వలన కలిగినవే.

పెద్ద కార్డు, పాత కెమేరా

పాత కార్డు పాడైనదని అంగడికి పోయి కొత్తది కొనిన పిదప, కొత్తదియు పనిచేయక మనవారు అంగడివానితో తగవు పెట్టుకొనుట కలదు. ఇక్కడ అంగడివాని తప్పుగాని, కార్డు తప్పుగాని లేదు.

మొదటి తరము ఎస్‌డీ కార్డులు 2 జీబీ వరకే. 2006లో ఎస్‌డీహెచ్‌సీ అను రెండవ తరము వచ్చినది. అవి 2 జీబీకి పైబడి 32 జీబీ వరకు. 2009లో ఎస్‌డీఎక్స్‌సీ అను మూడవ తరము, 32 జీబీకి పైబడినవి, ప్రకటింపబడినవి. మూడును ఒకే ఆకారము, ఒకే కొలత. వెడల్పు 24 మిల్లీమీటర్లు, పొడవు 32 మిల్లీమీటర్లు. కెమేరాలో చక్కగ దూరును. దూరినంత మాత్రమున పనిచేయదు. ఎందుచేతననగా, లెక్క వేరు. మొదటి తరము కార్డులో ప్రతి బైటుకును ఒక చిరునామా కలదు. గజములలో భూమిని కొలిచినట్లు. రెండవ తరము నుండి 512 బైట్ల ముక్కకు ఒక చిరునామా, ఎకరములలో కొలిచినట్లు. గజముల లెక్క మాత్రమే తెలిసిన పాత కెమేరాకు ఎకరముల లెక్క చెప్పినచో అది తెల్లబోయి "ఎర్రర్" అనును. 2006కు పూర్వపు కెమేరాకు 2 జీబీ లేక అంతకు తక్కువగల, ఎస్‌డీ అని మాత్రమే గుర్తుగల కార్డు కావలెను. తరువాతి వానిలో కూడ కెమేరాపైగాని, దాని పుస్తకములోగాని ఎస్‌డీహెచ్‌సీ గుర్తున్నదో లేదో చూచి కొనవలెను. కొత్త కెమేరాలు పాత కార్డులను స్వీకరించునుగాని పాత కెమేరాలు కొత్త కార్డులను స్వీకరింపవు.

2 జీబీ చాలునా అని అడుగువారు కలరు. ఐదు మెగాపిక్సెల్ కెమేరాలో చిత్రము ఒకటికి సుమారు రెండు మెగాబైట్లు అనుకొన్నను, వేయి చిత్రములు పట్టును. పంచాయతీ పనికి అది పుష్కలము.

ఫోనులో వాడిన కార్డును కెమేరాలో పెట్టినప్పుడు "ఫార్మాట్ కాలేదు" అనుట మరియొక సంగతి. ఫోను ఆ కార్డుపై అడంగలును వేరొక పద్ధతిలో వ్రాసియుండవచ్చును. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 మొదలుకొని కొన్ని ఫోనులలో కార్డును ఫోను సొంత నిల్వలో భాగముగ కలుపుకొను ఏర్పాటు కలదు. అట్లు కలుపుకొన్న కార్డు ఆ ఫోనునకు తప్ప మరి దేనికిని అర్థము కాదు. కెమేరాలో దానిని ఫార్మాట్ చేసినచో ఫోనులోనివి పోవును. ఒకే కార్డును ఫోనుకును కెమేరాకును మార్చి మార్చి వాడకుండుట మంచిది.

కార్డు బాగుగ ఉండి, కెమేరా పది చిత్రములకే "మెమరీ నిండినది" అన్నచో, కెమేరా కార్డును గుర్తింపక తన సొంత మెమరీలో వ్రాయుచున్నదేమో చూడవలెను. చాల చిన్న కెమేరాలలో కొద్దిపాటి మెమరీ లోపలనే అమర్చియుండును. పోయినవనుకొన్న చిత్రములు ఒక్కొక్కప్పుడు ఇక్కడ దొరకును. కార్డు తీసివేసి కెమేరాను తెరచి చూడుడు. ఆ సమయమున ఫార్మాట్ అన్నచో చెరిగిపోవునది ఆ లోపలి మెమరీయే యని మరువరాదు.

పోయినవి తిరిగి వచ్చునా?

అడంగలు చెడినను, పొరపాటున ఫార్మాట్ చేసినను, కార్డుపై కొత్తగ వ్రాయకున్నంత వరకు ఆశ కలదు. ఫొటోరెక్ అను ఉచిత ప్రోగ్రాము ఒకటి కలదు. దీనిని క్రిస్టోఫ్ గ్రెనియర్ వ్రాసి అందరి వాడుకకు విడిచిరి. ఇది అడంగలును అసలు చూడదు. సర్వేయరు భూమిపై నడచి సరిహద్దు రాళ్ళను బట్టి పొలములను గుర్తించినట్లు, కార్డును మొదటినుండి చివరి వరకు చదివి, జేపెగ్ చిత్రము మొదట తప్పక ఉండు గుర్తును పట్టుకొని చిత్రములను వెలికితీయును. వెలికితీసిన వానిని అదే కార్డుపై దాచరాదు. కంప్యూటరులో వేరొక చోట దాచవలెను. లేనిచో మనమే ఆ పొలమును దున్నినవారమగుదుము. మొదలుపెట్టుటకు ముందు కార్డు తాళపు మీట వేయుట మరువవలదు.

ఇట్లు దొరకిన చిత్రములకు పాత పేర్లుండవు. కాని చిత్రము తీసిన తేదీ, గంట కెమేరా గడియారము చొప్పున చిత్రములోపలనే వ్రాయబడియుండును. దానిని బట్టి వరుసగ పేర్చుకొనవచ్చును. చాల కాలము సెల్లులు లేక పడియున్న కెమేరా గడియారము వెనుకటి తేదీకి పోవును గనుక, కెమేరాను మరల వాడుకలోనికి తెచ్చునప్పుడు ముందు తేదీ సరిచేయవలెను. సామాజిక తనిఖీలో పని తేదీకి చిత్రపు తేదీ పొందకున్నచో, నిజముగ జరిగిన పనికి కూడ సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును.

మా పాఠశాల చిత్రములను ఈ విధముగనే వెదకితిమి. ముప్పది చిత్రములకు పదునొకటి మాత్రమే పూర్తిగ దొరకినవి. మరి కొన్ని పై సగము చిత్రము, క్రింది సగము బూడిదరంగు. తక్కినవి లేవు. మేము తీసిన నలుబది కొత్త చిత్రములు వానిపై పడినవి. కూలిన దూలము చిత్రము, అన్నిటికంటె కావలసినది, ఆ సగము చిత్రములలో ఒకటి. దూలము క్రింది సగములో ఉండెను.

కార్డు ఏ రీడరులోను ఉనికియే చూపకున్నచో, లేక వేడెక్కుచున్నచో, ఇంటి ప్రయత్నములు మానవలెను. చిత్రములు విలువైనవైనచో డేటా తిరిగి తీయు పనివారికి చూపవచ్చును. దానికి అగు ఖర్చు కార్డు వెలకు ఎన్నో రెట్లుండును. పనివాడు ముందుగ కార్డు మొత్తమునకు నకలు తీసి ఆ నకలుపై పనిచేయునా అని అడిగి తెలిసికొనవలెను. చేయనన్నచో వేరొకరిని చూచుకొనుట మంచిది.

ఫార్మాట్ చేయదగిన వేళ

ఇంత చెప్పితిమని ఫార్మాట్ చేయనే కూడదని కాదు. చిత్రములు రెండు చోట్ల భద్రమైన పిదప కార్డును ఫార్మాట్ చేయుట మంచి అలవాటు. చిత్రములను ఒక్కొక్కటిగ చెరుపుచు సంవత్సరములు గడిపిన కార్డు అడంగలు చిందరవందరగ ఉండును. ఫార్మాట్‌ను కంప్యూటరులో గాక, వాడబోవు కెమేరాలోనే చేయవలెను. తనకు అర్థమగు పద్ధతిలోనే కెమేరా అడంగలును వ్రాసికొనును. కొన్ని కెమేరాల మెనూలో లో లెవెల్ ఫార్మాట్ అని మరియొకటి కనబడును. అది పట్టికతో ఆగక కార్డంతయు చెరుపును. చిత్రములపై ఏ మాత్రము ఆశ మిగిలియున్నను దాని జోలికి పోరాదు.

కొత్తగ కొన్న కార్డు మొదట బాగుగ పనిచేసి, కొన్ని వందల చిత్రముల తరువాత పాతవి తెరచుకొనకున్నచో, అది నకిలీ కార్డు కావచ్చును. 2 జీబీ బిళ్ళకు 32 జీబీ అని పేరు వేసి, కెమేరాకు అట్లే చెప్పునట్లు చేసి అమ్మువారు కలరు. నిండిన తరువాత అది కొత్త చిత్రములను పాతవానిపై వ్రాయును, లేక ఎక్కడను వ్రాయక వ్రాసితిననును. కొనగనే, ఖాళీగ ఉన్నప్పుడే, కంప్యూటరులో కార్డును నిండుగ నింపి తిరిగి చదివి సరిచూచు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 వంటి ఉచిత ప్రోగ్రాములున్నవి. బిల్లు తీసికొన్నచో మార్చి ఇమ్మని అడుగుటకు వీలుండును.

మంచి కార్డుకు కూడ ఆయువు కలదు. ప్రతి గది కొన్ని మారులు మాత్రమే వ్రాతకు ఓర్చును. వ్రాయక ఊరకయుంచినను గదులలోని ఆవేశము సంవత్సరములమీద కొద్ది కొద్దిగ కారిపోవును. బీరువాలో పదిపదునైదు సంవత్సరములుగ ఉన్న కార్డు ఈ దినము తెరచుకొన్నచో, ఈ దినమే దాని నకలు తీసికొనవలెను. ఒక నకలు కార్యాలయపు కంప్యూటరులో, మరియొకటి వేరొక చోట ఉంచు పెన్‌డ్రైవులోగాని హార్డ్‌డిస్కులోగాని ఉండవలెను. ముఖ్యమైన వానిని, వరద చిత్రముల వంటివానిని, అచ్చు వేయించి వెనుక తేదీ, స్థలము, తీసినవారి పేరు వ్రాసి రికార్డులో కుట్టుట అన్నిటికంటె పాత పద్ధతియే ఐనను, దానికి ఏ రీడరును అవసరము లేదు.

కెమేరాకు స్టాకు రిజిస్టరులో పద్దు ఉన్నట్లే కార్డులకును పద్దు ఉండవలెను: కార్డు తెగ, ఎన్ని జీబీలు, కొన్న తేదీ, నకలు తీసిన తేదీ, దోషము చూపినచో ఏ మాట చూపినది. "ఎర్రర్ వచ్చినది" అని మాత్రము వ్రాయక, తెరపై కనబడిన మాటలను ఉన్నవున్నట్లు వ్రాసినచో, మరమ్మతు చేయువానికి సగము పని తీరును. కార్డును విడిగ జేబులో వేసికొనక, దాని ప్లాస్టిక్ పెట్టెలో, సిలికాజెల్ పొట్లముతో ఉంచవలెను.

తుదకు పనికిరాదని తేలిన కార్డును చెత్తకుప్పలో వేయరాదు. మనము ఇందాక చెప్పుకొన్న ఫొటోరెక్ మనకెట్లు పనిచేయునో, దొరకినవానికిని అట్లే పనిచేయును. లబ్ధిదారుల ముఖములు, వారి రేషను కార్డుల, ఆధార్ కార్డుల చిత్రములు ఆ బిళ్ళలో ఇంకను ఉండవచ్చును. కార్డును గట్టి కత్తెరతో నడిమికి, లోపలి బిళ్ళ తెగునట్లు, రెండు మూడు ముక్కలు చేసి, ఎలక్ట్రానిక్ వ్యర్థములు సేకరించువారికి ఇచ్చి, రిజిస్టరులో ఆ తేదీ వేసి, పద్దు కొట్టివేయవలెను.